ఏడో తరగతి పాసు

ముద్దుకృష్ణ ఎడమచేతిలో తడిగుడ్డ ఉంది. కుడిచేతి చూపుడువేలు బోర్డు మీది అక్షరాల కింద మెల్లగా జరుగుతోంది. పెదవులు కదులుతున్నాయి గానీ మాట బయటికి రావడం లేదు. 'వార్షిక పరీక్ష. సామాన్య శాస్త్రం. మొత్తం హాజరు ఇరవై ఆరు.' పరీక్షల నాడు రాసినవి, పాఠం కాదు. అయినా పూర్తిగా చదివాకే తుడిచాడు. చదవకుండా బోర్డు తుడవడం అతను ఎరగడు. ముప్పై రెండేళ్లుగా అదే పద్ధతి.

ఏప్రిల్ ఇరవై మూడు. ఒంటిపూట బడి. ఉదయం ఏడు దాటిందో లేదో ఎండ అప్పుడే కిటికీ ఊచల నీడల్ని నేల మీద గీసేసింది. పుంగనూరు నుంచి చౌడేపల్లె పోయే రోడ్డు పక్కనున్న ఆ హైస్కూల్లో మిగతా గదులన్నిటికీ కొత్త రంగులు పడ్డాయి, గోడలకు పెద్ద టీవీలు వచ్చాయి. ఈ ఏడో తరగతి గది మాత్రం పాతదే. రాతిగోడలు, పెంకుల కప్పు, సిమెంటుతో చేసిన నల్లబోర్డు. వెనక గోడకు ఆనుకుని ఒక బెంచీ ఉంది. మండే ఎండాకాలంలోనూ దాని మీద చెయ్యి పెడితే కుండ మీద పెట్టినట్టు చల్లగా ఉంటుంది. పిల్లలు దాని మీద కూర్చోరు. ముగ్గురు పట్టే బెంచీలో ఐదుగురు ఇరుక్కుంటారు గానీ దాని జోలికి పోరు.

ముద్దుకృష్ణ పొట్టి మనిషి. కుడిభుజం ఎడమదాని కన్నా రెండంగుళాలు కిందికి ఉంటుంది, చిన్నతనంలో మూటలు మోసినందుకు. తెల్లచొక్కా జేబులో ఎర్రపెన్నూ నీలంపెన్నూ. చెప్పులు వరండాలోనే వదిలి తరగతిలోకి వస్తాడు. బోర్డు తుడిచాక ఒక నిమిషం గోడ పట్టుకుని నిలబడ్డాడు. జనవరి నుంచి ఈ ఆయాసం. మదనపల్లె డాక్టరు గుండె బొమ్మ తీయించి, వారంలో మళ్లీ రమ్మన్నాడు. ఇరవై మూడో తేదీ అయ్యాక వస్తానని చెప్పి వచ్చాడు.

"ఏమప్పా, ఇంగా తుడస్తానే ఉండావా? జావ సల్లారిపోతాంది," అని వంటశాల నుంచి కుప్పమ్మ అరిచింది. పిల్లలకు మధ్యాహ్న భోజనం వండేది ఆమే.

"వస్తాండా మ్మే. గంట కొట్టేసి వస్తా."

"ఇంగ వారమే గదా నువ్వు కొట్టేది. ఆ పైన ఇంట్లో రుక్మిణమ్మ కొడ్తాది నీకు గంట."

అతను నవ్వాడు. వరండా దూలానికి వేలాడే రైలుపట్టా ముక్క మీద ఇనుపకడ్డీతో తొమ్మిది దెబ్బలు కొట్టాడు. చివరి దెబ్బ మోత ఆగేదాకా కడ్డీ గాల్లోనే పట్టుకుని నిలబడ్డాడు. ఈ నెలాఖరుకు రిటైర్మెంటు. కానీ పిల్లలు బడికి వచ్చే రోజు ఇదే చివరిది. మార్కుల కార్డులు తీసుకుని, ఇంత తిని, వెళ్ళిపోతారు. ఈలోగా ఒక పని కావాలి. ఆ పని ఏమిటో అతనికి తప్ప ఎవరికీ తెలియదు.

అతను ఏడో తరగతి చదివింది ఈ గదిలోనే, ఆ వెనక బెంచీ మీదే. సగమే చదివాడు. పన్నెండేళ్ళప్పుడు, డిసెంబరు నెలలో, సాంఘిక శాస్త్రం ఐవారు లేచి చదవమంటే లేచి చదువుతున్నాడు. 'నదులు కొండలలో పుట్టి' అనేసరికి గుమ్మంలో నాన్న నిలబడ్డాడు. "ముద్దూ, రా. చెనక్కాయల మిల్లుకాడ మనుషులు చాలలేదంట." పుస్తకం మూశాడు. వాక్యం అక్కడే ఆగిపోయింది. పుంగనూరు వేరుశనగ మిల్లులో పద్దెనిమిదేళ్ళు మూటలు మోశాడు. తర్వాత ఇదే బడిలో ఊడ్చే పనికి కుదిరాడు. అటెండరుగా పక్కా చేయాలంటే ఏడో తరగతి పాసై ఉండాలన్నారు. అప్పటి హెడ్మాస్టరు, ఇప్పుడు లేడాయన, పాసైనట్టు సర్టిఫికెట్టు రాసిచ్చాడు. సంతకం పెడుతూ, "సగం చదివినావు. మిగతా సగం ఈడనే ఉంటావు గదరా, విని పూర్తి చేసుకో," అన్నాడు.

ఆయన నవ్వుతాలకు అన్నాడేమో. ముద్దుకృష్ణకు అది ఆర్డరు.

అందుకని విన్నాడు. సర్క్యులరు తీసుకొచ్చి గుమ్మంలో నిలబడిన ప్రతిసారీ, సుద్దముక్కలు తెచ్చిచ్చిన ప్రతిసారీ, వరండా ఊడుస్తూ, మంచినీళ్ళ డ్రమ్ము నింపుతూ విన్నాడు. సున్నాకు కింద కూడా అంకెలుంటాయని ఒక జూన్‌లో తెలిసింది. రెండు రోజులు నిద్ర పట్టలేదు. త్రిభుజం మూడు కోణాలూ కలిపితే నూట ఎనభై అని విన్న సాయంత్రం, ఆవుల కొట్టం దూలాల మూలల్ని పుల్లతో కొలిచి చూసుకున్నాడు. పసుపు గుడ్డ మీద సబ్బునీళ్ళు పడితే ఎర్రగా ఎందుకవుతుందో భార్య రుక్మిణమ్మకు చెబితే, "నాకు ముందే తెలుసు, ఎర్రగా అవుతాదని," అంది ఆమె. ఎందుకో అడగలేదు. హిందీలో కుర్చీ ఆడదని తెలిసినప్పట్నుంచి హెడ్మాస్టరు గదిలో కుర్చీని కాస్త మెల్లగా జరుపుతున్నాడు. ఇంగ్లీషులో నిన్నటికి ఒక మాట, రేపటికి ఒక మాట. రాజులు, ఖండాలు, గురువు లఘువు, అన్నీ. ఏ ఏటికాయేడు ఒక్కో పాఠం తప్పిపోయేది. మరుసటేడు పట్టుకునేవాడు. పుస్తకాలు నాలుగుసార్లు మారాయి. ఏ పుస్తకమైనా సైన్సులో కడపటి పాఠం ఒకటే, అది మాత్రం ఎవరూ చెప్పలేదు. పరీక్షలు ముంచుకొచ్చేవి. "తేలికే, ఇంట్లో చదువుకోండి," అనేవాళ్ళు. తనే చదువుకోవచ్చు, చదవడం వచ్చు. కానీ ఐవారు చెప్పకుండా తానే చదివితే అది పుస్తకమే అవుతుంది, పాఠం కాదని అతని లెక్క.

అదొక్కటే మిగిలింది. ఆ పాఠం పేరు 'ధ్వని'.

ఇంకో సంగతి కూడా ఉంది. దాన్ని ఇంట్లో కూడా చెప్పలేదు.

బడి వదిలాక, పిల్లల అరుపులు రోడ్డు దాకా పోయి సన్నగిల్లాక, ఆ గది తన పాఠం తాను చెప్పుకునేది. చేరిన మొదటి ఏడాదే విన్నాడు. ఎవరో పిల్లలు లోపల దాక్కున్నారనుకుని తలుపు తోశాడు. గప్‌చిప్. బెంచీల మీద సుద్దపొడి కూడా చెదరలేదు. బయటికొచ్చి కిటికీ కింద కూర్చుంటే మళ్లీ మొదలైంది. ఆ రోజు చెప్పిన పాఠమే, పిల్లలంతా కలిసి అంటున్నట్టు. వాళ్ళందరికీ ఒక్క మాట వెనకగా ఇంకో గొంతు, వెనక బెంచీ నుంచి. ఆ గొంతు 'శ'ని 'స' అనేది. చూడకూడదు. చూస్తే ఆగిపోతుంది. ఇది అతనికి మొదటి వారంలోనే తెలిసింది. భయం తగ్గడానికి ఒక ఏడాది పట్టింది. ఆ గొంతు ఎవరిదో తెలియడానికి ఇంకా ఎక్కువ పట్టింది.

ప్రతి డిసెంబరులోనూ ఒక మధ్యాహ్నం ఆ గొంతు ఒంటరిగా లేచి, 'నదులు కొండలలో పుట్టి' అని ఆగిపోయేది. మళ్లీ జూన్ దాకా వినిపించేది కాదు.

మొన్న డిసెంబరులో కిటికీ కింద కూర్చుని ఉన్నాడు. గొంతు ఆగింది. ఇదే చివరి డిసెంబరు గదా అనుకుని, గోడకు తల ఆనించి, "సముద్రంలో కలుస్తాయి," అన్నాడు.

తల అలాగే ఆనించి ఉంచాడు. తర్వాత లోపల్నుంచి, మెల్లగా, "సముద్రంలో కలుస్తాయి," అని వచ్చింది.

మరుసటిరోజు నుంచి ఆ గొంతు ఆగలేదు. జనవరి పాఠాలు, ఫిబ్రవరి పాఠాలు, మార్చి పాఠాలు, వెంటే వచ్చింది. అతనికి ఆయాసం మొదలైంది కూడా అప్పుడే.

పదకొండున్నరకు కార్డులు పంచడం అయిపోయింది. సైన్సు టీచరు సింధూజ స్టాఫ్‌రూమ్‌లో బ్యాగు సర్దుకుంటోంది. కుప్పం అమ్మాయి. ఈ బడికొచ్చి రెండేళ్ళు. ముద్దుకృష్ణ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ఏం ముద్దప్పా, సంతకమా?"

"కాదు మేడమ్. ఒక మాట. ఏడో క్లాసుకి కడపటి పాఠం ఉండిపోయినాది."

ఆమె తలెత్తింది. "ధ్వనా? పరీక్షలే అయిపోయాయి కదప్పా."

"అయిపోయినాయి. పాఠం అయిపోలేదు గదా."

"డిఇఓ ఆఫీసు నుంచి ఎవరైనా వస్తాండారా ఏంది?" పక్కనుంచి హెడ్మాస్టరు గోపాలస్వామి నవ్వాడు. "ముద్దుకృష్ణ మనకి ఇన్‌స్పెక్షను పెట్టినాడు మేడమ్."

"నాకు పన్నెండున్నరకి ఆటో వస్తుంది సార్. పుంగనూర్లో ఒంటిగంట బస్సు తప్పితే కుప్పం చేరేసరికి చీకటి పడుతుంది," అని ఆమె గడియారం చూసింది. తర్వాత అతని ముఖం చూసింది. నల్లటి ముఖంలో చెమట, రెండు చేతులూ కట్టుకున్న తీరు. "మీకెందుకప్పా అంత పట్టుదల?"

"నేను వినాల మేడమ్. నాకు అదొక్కటే మిగిలుండాది."

ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు. బ్యాగు జిప్పు మూసి, టీ తాగే కాగితం కప్పులు రెండు తీసుకుంది. "దారం ఉందా?"

పిల్లలు గోల చేశారు. "అన్యాయం మేడమ్! సెలవులిచ్చినంక పాఠమా!" అని లోకేష్ బల్ల మీద తల వాల్చేశాడు.

"గమ్మునుండండ్రా. తాత అడిగాడు."

"తాతకి చెప్పండి మేడమ్, మేము పోతాం."

"మీరు పోతే తాత ఎవరితో కూర్చుంటాడు? జరగండి."

ఎవరూ జరగలేదు. ఖాళీ ఒక్కచోటే ఉంది. ముద్దుకృష్ణ బెంచీల మధ్య నడిచి వెళ్ళి, వెనక బెంచీ మీద, ఎడమ కొసన కూర్చున్నాడు. యాభై ఏళ్ళ తర్వాత. చలి తొడల్లోంచి నడుములోకి పాకింది. ముందు బెంచీలోని అనూష వెనక్కి తిరిగి, "తాతా, ఆడ కూర్చోవద్దు. మనం మాట్లాడితే ఎనకనుంచి ఎవురో అదే మాట అంటారంట," అని గుసగుసలాడింది.

"అననీ మ్మా. పాఠమే గదా," అన్నాడు.

సింధూజ కప్పుల అడుగున చిల్లులు పొడిచి దారం కట్టింది. గొంతు మీద వేళ్ళు పెట్టుకోమంది. పలికినప్పుడు వణుకుతోందా లేదా? పిల్లలందరూ ఒకేసారి 'ఆ' అన్నారు. ముద్దుకృష్ణ కూడా ముడతల గొంతు మీద రెండు వేళ్ళు పెట్టి 'ఆ' అన్నాడు. వణికింది. వెనక గోడ కూడా వణికినట్టు వీపుకు తెలిసింది. అతను తిరిగి చూడలేదు.

లోకేష్ ఒక కప్పు చెవికి పెట్టుకున్నాడు. అనూష గుమ్మం దగ్గర నిలబడి రెండో కప్పులో ఏదో అంది. "ఏమీ వినబడలే మేడమ్!"

"దారం వదులుగా ఉందిరా. బిగించు. అటు ఒకరు, ఇటు ఒకరు లాగి పట్టుకుంటేనే మాట పోతుంది. ఒక్కరు వదిలేసినా పోదు."

బిగించారు. లోకేష్ కళ్ళు పెద్దవయ్యాయి. "మేడమ్, ఇది నన్ను గాడిద అంటాంది!"

గదంతా నవ్వింది. ఆ నవ్వులో ముద్దుకృష్ణ చెయ్యెత్తాడు, పిల్లల్లాగే, మోచెయ్యి బల్లకానించి. "మేడమ్, పలికినాక ఆ మాట యాడికి పోతాది?"

ఆమె సుద్దముక్క తిప్పుతూ ఆలోచించింది. "గాల్లో పోయి గోడలకు తగులుతుంది. తగ్గిపోతూ తగ్గిపోతూ వేడిగా మారుతుందప్పా. కొంచెమే, మనకు తెలియనంత. మాట తగిలిన గోడ ఇంత వేడెక్కుతుంది, అంతే."

"ఈ గోడ సల్లగా ఉండాదే మేడమ్."

"పాత రాయి కదా," అంది ఆమె. అని, ఆ బెంచీ వైపు ఒక క్షణం ఎక్కువసేపు చూసింది. తర్వాత పుస్తకం పేజీలు గబగబా తిప్పింది.

ఆటో హారను మోగింది. ఇంకా ఒక్క పేజీ ఉంది, 'మనం ఏం నేర్చుకున్నాం' అనేది. "అది మీరే చదువుకోండి," అనేసి, పుస్తకాన్నీ కప్పుల్నీ బల్ల మీదే వదిలి, చున్నీ సర్దుకుంటూ బయల్దేరింది. గుమ్మంలో ఆగి, "వస్తానప్పా. ఆరోగ్యం చూసుకోండి," అంది.

"ఒక్క పేజీ మేడమ్," అన్నాడు గానీ ఆటో చప్పుడులో అది వినబడలేదు. ఆ మాట కూడా ఏ గోడకో తగిలి వేడిగా మారిపోయిందేమో అనుకున్నాడు.

లాంగ్ బెల్ కొట్టాడు. పిల్లలు తిని, చేతులు కడిగి, చిక్కీలు కొరుక్కుంటూ, 'టాటా తాతా' అంటూ పోయారు. హెడ్మాస్టరు ఆఫీసులో ఏవో కాగితాలు చూసుకుంటున్నాడు. ఒంటిగంటన్నర. కుక్కలు కూడా మెట్ల కింద చేరాయి. ఆవరణ తెల్లగా, చప్పుడు లేకుండా మండుతోంది. ముద్దుకృష్ణ కిటికీ కింద కూర్చున్నాడు.

లోపల పాఠం మొదలైంది. 'ఆ' అని అందరి గొంతులూ. 'దారం బిగించు' అని అందరూ. ఒక్క మాట వెనకగా ఆ గొంతు. నవ్వు కూడా వచ్చింది, నవ్వుకు వెనకగా ఒక్క నవ్వు. తర్వాత గదిలో అందరూ ఆగిపోయారు. ఆ ఒక్క గొంతు మిగిలింది.

"మనం ఏం నేర్చుకున్నాం," అంది. ఆగింది.

డిసెంబరులో ఆగినట్టే ఆగింది. సర్టిఫికెట్టులో ఉన్న మాట నిజం కావడానికి ఒక్క పేజీ. చెప్పవలసినవాళ్ళు ఆటో ఎక్కి పోయారు. అతను గోడ పట్టుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఎప్పటిలాగే కాళ్ళు తుడుచుకుని, తలొంచుకుని లోపలికి వెళ్ళాడు. ఈసారి గప్‌చిప్ కాలేదు. ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టే ఉంది, తడబడుతూ, పరుగెత్తి వచ్చిన పిల్లవాడిలా.

తల ఎత్తకుండానే ఒక కప్పు తీసుకెళ్ళి వెనక బెంచీ మీద పెట్టాడు. రెండోది పట్టుకుని ముందుకొచ్చాడు. దారం బెంచీల మీద వదులుగా పడింది. ఐవారి కుర్చీని రోజూ తుడుస్తాడు గానీ ఎన్నడూ కూర్చోలేదు. నిలబడి చదవడానికి ఆయాసం ఆగనివ్వలేదు. కూర్చున్నాడు. పుస్తకం తెరిచి, కళ్ళు అక్షరాల మీదే ఉంచి, వేలు కింద పెట్టి, కప్పులోకి చదివాడు.

"ధ్వని కంపనాల వల్ల పుడుతుంది."

కప్పు చెవికి పెట్టుకున్నాడు. "ధ్వని కంపనాల వల్ల పుడుతుంది," అంది చెవిలో.

"ధ్వని ప్రయాణించడానికి యానకం కావాలి."

అదీ వచ్చింది.

"సూన్యంలో ధ్వని ప్రయాణించదు."

"సూన్యంలో," అంది గొంతు. అతనికి నవ్వొచ్చింది. 'శ' ఇద్దరికీ రాలేదు. ఎడమ దవడ లాగుతోంది, భుజం లాగుతోంది, ఎవరో బరువు ఎత్తిపెడుతున్నట్టు. కాదు, దించుతున్నట్టు. పేజీ చివరిదాకా ఒక్కో వాక్యమూ చెప్పాడు, ఒక్కో వాక్యమూ విన్నాడు. పేజీ అయిపోయింది. కింద తెల్లకాగితమే ఉంది.

"ఐపోయింది," అన్నాడు కప్పులోకి. "పాసు."

కప్పు చెవికి పెట్టుకున్నాడు. తర్వాత పన్నెండేళ్ళ గొంతు, బెరుకుగా, సెలవడిగినట్టు అంది. "పోదామా సార్?"

తనను ఎవరూ అలా పిలవలేదు. ముద్దుకృష్ణ పుస్తకం మూశాడు.

"పోదాం పా," అన్నాడు.

రెండున్నరకు కుప్పమ్మ పళ్ళెంలో అన్నమూ గుడ్డూ పెట్టుకుని వరండాలో వెతికింది. "అప్పా, గుడ్డు నీకని తీసిపెట్టినా, యాడికి పోయినావు? ఇంటికి పొయ్యే ఆలోచన లేదా?" ఏడో తరగతి తలుపు తెరిచి ఉంది. ఐవారి కుర్చీలో కూర్చుని, తల గోడకు వాల్చి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. కప్పు చెవికే ఉంది. "సూడు, దొర మాదిరి కూర్చున్నాడు," అని నవ్వుతూ లోపలికి రెండడుగులు వేసింది. దారం ఆమె నడుముకు తగిలింది.

"ఎవురది? వదలండ్రా, దోవకి అడ్డం," అని విసుక్కుని, పళ్ళెం బల్ల మీద పెట్టి, అతని భుజం తట్టింది. ఇంకోసారి తట్టింది. చెయ్యి పట్టుకుంది. ఆమె అరుపుకు గోపాలస్వామి చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు. నాడి చూశాడు, మదనపల్లెకు ఫోను చేశాడు, మాట మధ్యలో ఫోను దించేశాడు. "పొయినాడమ్మా," అన్నాడు.

కుప్పమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, దారం వెంట చూపు పోనిచ్చింది. అది బెంచీల మీద ఎక్కడా ఆనలేదు, తీగలాగా బిగిసి వెనకదాకా ఉంది. అక్కడ ఎవరూ లేరు. కాగితం కప్పు మాత్రం చల్లటి బెంచీకి మూరన్నర పైన, కూర్చున్న పిల్లవాడి చెవి ఎత్తులో నిలిచి ఉంది.